రాత్రి బ్లోయర్ బంద్ పెడితే పొద్దున సెట్లర్ మీద నల్ల ముద్దలు. గాలి తక్కువైందా, కలపడం తక్కువైందా?

నైట్‌షిఫ్ట్_హన్మకొండ | సోమవారం, ఉదయం 7:50

అందరికీ నమస్తే. హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) చూసుకుంటున్నాను. డిజైన్ 60 కేఎల్‌డీ, అంటే రోజుకు 60 వేల లీటర్లు. ఫ్లాట్లు ఇంకా సగమే నిండాయి కాబట్టి రోజుకు 30 వేల లీటర్ల దాకా వస్తుంది. మురుగులోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు పొడవు 5 మీటర్లు, వెడల్పు 4, నీళ్ల లోతు మూడున్నర. అడుగున సన్నని బుడగలు వదిలే ఫైన్ బబుల్ డిఫ్యూజర్లు. గాలి తోసే 3 హెచ్‌పీ ట్విన్ లోబ్ (రెండు లోబులు తిరిగే రకం) బ్లోయర్లు రెండున్నాయి. ఒకటి నడుస్తుంది, ఇంకోటి స్టాండ్‌బై.

కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని కమిటీ వాళ్లు రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బ్లోయర్ బంద్ పెట్టమన్నారు. అప్పటి నుంచే పరేషాన్. 5 గంటలకు ఆన్ చేయగానే కుళ్లిన గుడ్ల కంపు లేస్తుంది, మొదటి అంతస్తు వాళ్లు కిటికీలు మూసుకుని నాకు ఫోన్ చేస్తారు. ట్యాంకులో గోధుమ రంగు పోయి బూడిద రంగు వచ్చింది. ఏడింటికల్లా సెట్లర్ (బురద అడుగుకు దిగే ట్యాంకు) మీద అరచేతులంత నల్ల ముద్దలు తేలుతున్నాయి. ఇన్‌లెట్‌కు ఎదురు మూలలో మాత్రం ఎప్పుడు చూసినా బుడగ లేదు.

ప్లాంటు పెట్టినాయన కల్చర్ పౌడర్ (బ్యాక్టీరియా పొడి) వేయమంటున్నాడు. కమిటీలో ఒకాయన బ్లోయర్ చిన్నదైందేమో, 5 హెచ్‌పీ పెడదామంటున్నారు. ఏది నిజమో జర చెప్పండి.

కాజీపేట_బ్లోయర్ | సోమవారం, ఉదయం 8:30

తమ్మీ, పౌడర్ సంగతి పక్కన పెట్టు. మూడు సంగతులు చెప్పు. బ్లోయర్ డెలివరీ గేజ్ ఎంత చూపిస్తోంది? ప్లాంటు కొత్తగా పెట్టినప్పుడు ఎంత ఉండేది? సెట్లర్ నుంచి బురద ఏరేషన్‌కు వెనక్కి పంపేది పంపా, గాలితో పైకి లాగే ఎయిర్ లిఫ్టా?

నైట్‌షిఫ్ట్_హన్మకొండ | సోమవారం, ఉదయం 9:15

గేజ్ చదరపు సెంటీమీటరుకు 0.48 కేజీ. కమిషనింగ్ షీట్‌లో 0.40 రాసి ఉంది. రిటర్న్ ఎయిర్ లిఫ్టే అన్నా, అదే హెడర్ (గాలి ప్రధాన పైపు) నుంచి అరంగుళం లైను.

కాజీపేట_బ్లోయర్ | సోమవారం, ఉదయం 9:22

అయితే నీ నల్ల ముద్దల కథ అక్కడే తేలిపోయింది. బ్లోయర్ ఆగితే ఎయిర్ లిఫ్ట్ ఆగుతుంది. ఎయిర్ లిఫ్ట్ ఆగితే సెట్లర్ అడుగున చేరిన బురద ఆరు గంటలు అక్కడే కూర్చుంటుంది. గాలి లేదు, కదలిక లేదు. కుళ్లి గ్యాస్ పుట్టి పైకి లేస్తుంది. రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు ఫ్లష్ చేస్తారు కదా, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. నీ ఏరేషన్ ట్యాంకులో గాలి బంద్ అయినా అందులోంచి సెట్లర్‌కు తోసుడు ఆగదు.

బుడగ లేని ఆ మూల సంగతి వేరే. 0.08 పెరిగిందంటే డిఫ్యూజర్లు పూడుతున్నాయి.

రిటైర్డ్_ఏఈ | సోమవారం, ఉదయం 11:05

పై మిత్రుడు చెప్పింది సరే. నేను ఇంకో మాట కలుపుతాను, ఎందుకంటే నా సర్వీసులో ఈ గొడవ విననిచోటు లేదు.

ఏరేషన్ ట్యాంకులో గాలి రెండు పనులు చేస్తుంది. ఒకటి, బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఇవ్వడం. రెండోది, బురదను నీళ్లలో తేలేలా కలుపుతూ ఉండటం. మనోళ్లు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటర్ ముంచి లీటరుకు 2 మిల్లీగ్రాములు చూపిస్తే చాలు, ప్లాంటు బ్రహ్మాండం అనుకుంటారు. ఆ మీటరు ఎక్కడ ముంచారు? మెట్ల పక్కన, చెయ్యి అందే చోట, బుడగలు గుప్పుమనే చోట. బురదంతా అవతలి మూలలో అడుగున పరుచుకుని ఉంటే దానికి ఈ 2 మిల్లీగ్రాములతో పనేముంది? అక్కడ సున్నా. మన లెక్కలో మాత్రం ట్యాంకు నిండా బ్యాక్టీరియా ఉన్నట్టే.

1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు చేసింది కూడా ఇదే. మురుగులోకి గాలి ఊదడం వాళ్లకు ముందు చాలామంది చేశారు. వీళ్లు కొత్తగా చేసిందల్లా, గాలి ఊదాక అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా ఉంచి, దాని మీద మళ్లీ కొత్త మురుగు పోసి కలపడం. మొదటిసారి వారాలు పట్టిన శుద్ధి, ఆ బురద పోగయ్యే కొద్దీ గంటల్లోకి వచ్చింది. అంటే పనిచేసేది బురదే. అది నీళ్లకు తగలకుండా మూలన పడుకుంటే ఎంత గాలి ఊదినా నీళ్లకు గాలి తగులుతుందంతే.

ముందుగా ఆ మూలలో ఎంత పేరుకుందో చూడండి. పొడుగాటి పీవీసీ పైపుకు కింద తెల్ల గుడ్డ చుట్టి అడుగుదాకా దించి తీస్తే ఎంత ఎత్తున నలుపు అంటిందో కనబడుతుంది. ట్యాంకు అంచున రెయిలింగ్ ఉంటేనే చేయండి, ఒంటరిగా వద్దు. గాలి బుడగలతో ఉన్న నీళ్లలో మనిషి తేలడం కష్టం, ఈత వచ్చినవాడికైనా సరే.

మెయింటెనెన్స్_కమిటీ | సోమవారం, మధ్యాహ్నం 1:40

నేను వేరే అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నాను, కానీ కథ ఒకటే కాబట్టి రాస్తున్నాను. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. 24 గంటలు, 30 రోజులు వేస్తే 1584 యూనిట్లు. సగం ఫ్లాట్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా పూర్తి గాలి ఎందుకు? సగం మురుగు వస్తే సగం గాలి చాలదా? ఇంజనీర్లు ఎప్పుడూ "ఆపొద్దు" అంటారు, మెయింటెనెన్స్ పెంచితే జనం మా మీద పడతారు. ఆరు గంటలు ఆపితే నెలకు 396 యూనిట్లు మిగులుతాయి. ఇది చిన్న మొత్తమేమీ కాదు.

లెక్కల_పిల్ల | సోమవారం, రాత్రి 9:10

వరంగల్‌లోనే ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్ చేస్తున్నాను. కమిటీ సార్ ప్రశ్న న్యాయమైనదే. లెక్క వేసి చూద్దాం.

ఇళ్ల మురుగులో బీఓడీ (మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్ లెక్క) లీటరుకు 250 మిల్లీగ్రాములు అనుకుంటే, 30 వేల లీటర్లకు రోజుకు 7.5 కిలోలు. ఇలా ఎక్కువ గంటలు గాలి ఊదే ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ ట్యాంకులో అమ్మోనియా పని కూడా కలిపి కిలో బీఓడీకి దాదాపు 2 కిలోల ఆక్సిజన్ అనుకోవచ్చు. మొత్తం 15 కిలోలు. ఘనపు మీటరు గాలిలో ఆక్సిజన్ మన ఎండల్లో 0.27 కిలోల దాకా ఉంటుంది. ఫైన్ బబుల్ డిఫ్యూజర్ మంచినీళ్లలో మీటరు లోతుకు 6 శాతం దాకా కరిగిస్తుంది, ఈ లోతుకు 20 శాతం. మురుగులో, సబ్బు నీళ్లలో అది సగానికి పడిపోతుంది కాబట్టి 10 శాతం వేద్దాం. గంటకు 23 ఘనపు మీటర్ల గాలి చాలు.

ఇప్పుడు కలపడానికి. అడుగంతా గ్రిడ్‌లా డిఫ్యూజర్లు పరిచిన ట్యాంకుకు 1000 ఘనపు మీటర్లకు నిమిషానికి 10 నుంచి 15 ఘనపు మీటర్ల గాలి కావాలని డిజైన్ పుస్తకాల్లో ఉంటుంది. ఈ ట్యాంకు 70 ఘనపు మీటర్లు. గంటకు 42 నుంచి 63.

చూశారా సార్, ఆక్సిజన్‌కు 23, కలపడానికి కనీసం 42. ఫ్లాట్లన్నీ నిండితే ఆక్సిజన్ అవసరం 46కు వస్తుంది, అప్పుడు రెండూ దాదాపు సమానం. సగం నిండిన బిల్డింగులో మురుగు సగమైంది నిజమే, కానీ ట్యాంకు సైజు సగం కాలేదు. కలపాల్సింది ట్యాంకును. అందుకే సగం మురుగుకు సగం గాలి అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

5 హెచ్‌పీ అవసరం అసలే లేదు. 3 హెచ్‌పీ ట్విన్ లోబ్ 0.40 దగ్గర గంటకు సుమారు 100 ఘనపు మీటర్లు ఇవ్వాలి.

మెయింటెనెన్స్_కమిటీ | సోమవారం, రాత్రి 9:48

అమ్మా, లెక్క బాగుంది. అంటే 100 ఇస్తున్న చోట 42 నుంచి 63 చాలన్నమాట. మరి మిగతాది దండగేగా? నా మాటే గెలిచినట్టుంది.

లెక్కల_పిల్ల | సోమవారం, రాత్రి 10:05

సగం గెలిచారు సార్ 😀 బఫర్ ట్యాంకుకు (వచ్చిన మురుగు ముందు నిలిపేది), ఎయిర్ లిఫ్ట్‌కు కూడా ఇదే బ్లోయర్ గాలి ఇస్తోంది. అవి రెండూ కలిపితే ఇంకో 20, 25. మొత్తం 80 పెట్టుకుంటే నిశ్చింత. ఆ 20 శాతం మిగల్చవచ్చు. కానీ ఆపి కాదు, నెమ్మదిగా తిప్పి.

కాజీపేట_బ్లోయర్ | సోమవారం, రాత్రి 10:40

ఇది నా మాట, నేను చెప్తా. ట్విన్ లోబ్ బ్లోయర్ చుట్టుకు ఇంత గాలి అని తోస్తుంది. ఆర్‌పీఎం తగ్గిస్తే గాలి తగ్గుతుంది, ప్రెషర్ మారకపోతే కరెంటు కూడా అదే లెక్కన తగ్గుతుంది. వీఎఫ్‌డీ (మోటరు వేగం మార్చే పరికరం) పెట్టొచ్చు, డబ్బులు లేవంటే మోటరు పుల్లీ చిన్నది వేయొచ్చు. కంపెనీ చార్టులో కనీస ఆర్‌పీఎం ఎంతో చూసి దాని కిందకు పోవద్దు. మరీ నెమ్మదిగా తిప్పితే లోబుల మధ్య గాలి వెనక్కి జారి కేసింగ్ వేడెక్కుతుంది.

కొందరు తెలివిమంతులు డెలివరీ వాల్వు సగం మూసి "గాలి తగ్గించా" అంటారు. సెంట్రిఫ్యూగల్ పంపు అలవాటు అది. ఇక్కడ వాల్వు మూస్తే ప్రెషర్ లేస్తుంది, మోటరు మీద లోడు పెరుగుతుంది, సేఫ్టీ వాల్వు కూతపెడుతుంది. దయచేసి చేయొద్దు.

ఇంకోటి. 0.48 ప్రెషర్‌ను డిఫ్యూజర్లు కడిగి మళ్లీ 0.40కి తెస్తే అదొక్కటే ఆరింట ఒక వంతు కరెంటు. పుల్లీతో 20 శాతం కలిపితే మొత్తం మూడింట ఒక వంతు దగ్గరికి వస్తుంది. 1584లో ఐదు వందల యూనిట్ల పైనే. రాత్రి ఆపితే మిగిలేది 396, పైగా కంపు ఉచితం.

మెయింటెనెన్స్_కమిటీ | మంగళవారం, ఉదయం 6:30

ఈ చివరి పేరా మా మీటింగ్‌లో చదివి వినిపిస్తాను.

గోదావరిఖని_ప్లాంట్ | మంగళవారం, ఉదయం 10:15

అన్నలారా, ఆపడమే తప్పన్నట్టు మాట్లాడుకోకండి. మా కాలనీ ప్లాంటులో టైమర్ మీదే నడుపుతున్నాం, మంచిగనే ఉంది. గంటన్నర ఆన్, అరగంట ఆఫ్. ఆఫ్‌లో ఉన్న అరగంటలో నైట్రేట్ విరిగి నైట్రోజన్ అయి పోతుంది, అది ఏరేషన్ ట్యాంకులోనే పోవడం వల్ల సెట్లర్‌లో ముద్దలు లేవవు. నైట్రిఫికేషన్‌లో (అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు) కరిగిపోయిన ఆల్కలినిటీ (పీహెచ్ పడకుండా కాసే క్షారగుణం) కూడా సగం తిరిగొస్తుంది. ఇంతకుముందు 24 గంటలు నడిపినప్పుడు మాకు పీహెచ్ పడిపోయి సున్నం వేసేవాళ్లం.

తేడా ఎక్కడంటే మాకు రిటర్న్ పంపు విడిగా ఉంది. బ్లోయర్ ఆగినా అది తిరుగుతుంది. పైగా ఒక చిన్న సబ్‌మెర్సిబుల్ మిక్సర్ వేశాం. గాలి ఆగినప్పుడు అది బురదను తిప్పుతూ ఉంటుంది.

రిటైర్డ్_ఏఈ | మంగళవారం, ఉదయం 11:20

అరగంటకు, ఆరు గంటలకు చాలా తేడా ఉంది. బురద గంటకు లీటరుకు 20, 30 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తాగుతుంది. డీఓ 2 ఉన్న ట్యాంకులో బ్లోయర్ ఆపితే ఐదారు నిమిషాల్లో సున్నా. ఆ తర్వాత అరగంట, ముప్పావు గంట నైట్రేట్‌లోని ఆక్సిజన్ మీద బతుకుతుంది. అదీ అయిపోయాక సల్ఫేట్ మీద పడుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలు. మీరు చెప్పిన కుళ్లిన గుడ్ల కంపు అదే.

మిక్సర్ మంచిదే. 70 ఘనపు మీటర్లకు అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మధ్యలో సరిపోతుంది. కానీ నేను అపార్ట్‌మెంట్లకు అంత సులువుగా చెప్పను. ఇళ్ల మురుగులో వచ్చే వెట్ వైప్స్, వెంట్రుకలు, శానిటరీ ప్యాడ్ల దూది మిక్సర్ రెక్కలకు జడలా అల్లుకుంటాయి. బార్ స్క్రీన్ రోజూ శుభ్రం చేసేవాళ్లున్న చోటే అది బతుకుతుంది.

గోదావరిఖని_ప్లాంట్ | మంగళవారం, మధ్యాహ్నం 12:05

జడ సంగతి నిజం సార్. చైను పట్టి పైకి లాగి కత్తితో కోయాల్సిందే. కానీ ఎండాకాలం మా దగ్గర మిక్సర్ లేకపోతే కష్టం. రామగుండం వైపు ఎండలు మీకు తెలియనివి కావు. 20 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 దగ్గర ఏడున్నరే. అదే వేడికి బ్యాక్టీరియా ఆకలి పెరుగుతుంది. మేలో బ్లోయర్‌ను ఆక్సిజన్ కోసం ఫుల్లుగా వాడుకుంటాం, చలికాలంలో టైమర్ పెట్టి మిక్సర్ మీద వదిలేస్తాం.

మిల్లు_సుల్తానాబాద్ | మంగళవారం, రాత్రి 8:20

మా ఉప్పుడు బియ్యం మిల్లు ఈటీపీ (పరిశ్రమ మురుగు శుద్ధి ప్లాంటు) గురించి అడగొచ్చా? నానబెట్టిన వడ్ల నీళ్లు వేడిగా, పులిసిపోయి వస్తాయి. ఓపెన్ ట్యాంకులో తేలే సర్ఫేస్ ఏరేటర్ ఒకటుంది. మధ్యలో ఫౌంటెన్‌లా ఎగురుతుంది, చూడ్డానికి బాగుంటుంది. నాలుగు అంచుల్లో మాత్రం తవుడు, బురద గడ్డకట్టి బుడగలు గ్యాస్‌వి వస్తున్నాయి.

రిటైర్డ్_ఏఈ | మంగళవారం, రాత్రి 9:00

అక్కడ ఏరేటర్ తప్పు కాదు, వరస తప్పు. ఉప్పుడు మిల్లు నీళ్ల బీఓడీ ఇళ్ల మురుగు కంటే ఎన్నో రెట్లు. దాన్ని నేరుగా గాలితో తినిపించాలంటే కరెంటు మీ మిల్లు లాభం తినేస్తుంది. ముందు తవుడు, పొట్టు జల్లెడ పట్టి ఆపండి. నీళ్లు ఒక ట్యాంకులో నిలిపి చల్లార్చి, పీహెచ్ సరిచేసి, గాలి లేని ట్యాంకులో మొదటి విడత నడిపి, మిగిలిందానికి ఏరేటర్ వాడండి. అంచుల సంగతికొస్తే, సర్ఫేస్ ఏరేటర్‌తో 1000 ఘనపు మీటర్లకు 20 నుంచి 40 కిలోవాట్లు ఉంటేనే బురద పూర్తిగా తేలుతుంది. మీ ట్యాంకు ఎంత, మోటరు ఎంత అని భాగించి చూసుకోండి. విడిగా కొత్త చర్చ తెరిచి వివరాలు పెట్టండి.

భద్రకాళి_వాకర్ | మంగళవారం, రాత్రి 9:25

ఒక సందేహం. 2024 నవంబర్‌లో భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసి, ఆ తర్వాత పూడిక తీయడం మొదలుపెట్టారు కదా. ఇలాంటి బ్లోయర్లు, ఫౌంటెన్లు చెరువులో ముందే పెట్టి ఉంటే ఆ బురద చేరేది కాదేమో?

గోదావరిఖని_ప్లాంట్ | మంగళవారం, రాత్రి 9:40

చెరువు ఎంత పెద్దది అన్నా! ట్యాంకు మూలే తిరగక మేం ఏడుస్తున్నాం. ఫౌంటెన్ పై నీళ్లకు కొంచెం ఆక్సిజన్ ఇస్తుంది, అడుగు పూడిక అంగుళం కదలదు. మురుగు కాలువ చెరువులోకి రాకుండా ఆపడం ముందు పని.

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 9:52

చెరువుల చర్చ వేరే విభాగంలో. ఇక్కడ ఎస్‌టీపీ మీదే ఉండండి.

నైట్‌షిఫ్ట్_హన్మకొండ | బుధవారం, సాయంత్రం 5:30

అందరికీ థ్యాంక్స్. రెండు పనులు చేసి చూశాను. పైపుకు గుడ్డ చుట్టి దించితే మెట్ల పక్కన జానెడు కూడా అంటలేదు, ఆ బుడగ లేని మూలలో మోకాలెత్తు నల్లగా వచ్చింది.

తర్వాత ఒక సీసాకు రాయి కట్టి, బిరడాకు విడిగా తాడు కట్టి అడుగుదాకా దించి బిరడా లాగాను. పైన తీసిన నీళ్లు ఒక లీటరు సిలిండర్‌లో, అడుగువి ఇంకో సిలిండర్‌లో అరగంట పెట్టాను. పై నీళ్లలో బురద 180 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది, అడుగు నీళ్లలో 420. బ్లోయర్ నడుస్తున్నప్పుడే ఇది.

ఇంకో సందేహం. స్లడ్జ్ హోల్డింగ్ ట్యాంకుకు (మిగులు బురద నిల్వ ఉంచేది) కూడా గాలి లైను ఉంది. వాల్వు మూసే ఉంచుతారు. కంపు వస్తోందని ఇవాళ తెరుద్దామనుకుంటున్నాను.

రిటైర్డ్_ఏఈ | బుధవారం, సాయంత్రం 5:44

ఆగండి. తెరవకండి.

ఎన్నాళ్లుగానో కదలని బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ చిక్కుకుని ఉంటుంది. ఒక్కసారి గాలి వదిలి కలిపితే అదంతా ఒకేసారి బయటికి వస్తుంది. సోడా సీసా ఊపి మూత తీసినట్టే. ఆ ట్యాంకు బేస్‌మెంట్‌లో ఉంటే, మూత మీద మీరు వంగి చూస్తుంటే ప్రాణం మీదికొస్తుంది. 100 పీపీఎం చుట్టుపక్కలకు చేరితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, "కంపు తగ్గింది" అనుకుంటాం. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయండి, మూతలు దూరం నుంచి తెరిచి వదిలేయండి, గ్యాస్ మీటర్ ఉన్నవాళ్లను పిలవండి. వాల్వు కొంచెం కొంచెంగా, మీరు బయట ఉండి తిప్పండి. ఎవరినీ లోపలికి దించకండి. మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి రక్షణ పరికరాలు లేకుండా దింపి పని చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

కాజీపేట_బ్లోయర్ | బుధవారం, సాయంత్రం 6:10

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఆ పాత బురద వీలైతే కదపకుండా ట్యాంకర్‌తో బయటినుంచే లాగించేయండి. అమ్మవారిపేట దగ్గర మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది, అక్కడ తీసుకుంటారేమో కార్పొరేషన్‌లో అడగండి. ట్యాంకర్ వాడు ఎక్కడో కాలువలో వదిలేస్తానంటే ఒప్పుకోవద్దు.

లెక్కల_పిల్ల | బుధవారం, రాత్రి 8:35

180, 420 అంటే ట్యాంకు అసలు కలవడం లేదు. మంచిగా కలిసే ట్యాంకులో పైకి, కిందికి పది శాతం తేడా ఉంటే ఎక్కువ. కల్చర్ పౌడర్ ఎందుకు అక్కర్లేదో కూడా ఇక్కడే తెలుస్తోంది అన్నా. మీ దగ్గర బ్యాక్టీరియా బోలెడుంది, మూలన పడి ఉంది. మోకాలెత్తు బురదను మాత్రం ఒక్కసారిగా లేపకండి. అదంతా తేలితే ఆక్సిజన్ ఒక్కసారి లాగేసి సెట్లర్ నిండిపోతుంది. కొంచెం కొంచెంగా తీసి ఫిల్టర్ ప్రెస్‌కు (బురదలోని నీళ్లు పిండే యంత్రం) పంపండి.

నైట్‌షిఫ్ట్_హన్మకొండ | బుధవారం, రాత్రి 9:20

ఫిల్టర్ ప్రెస్ ఉంది, గుడ్డలే చిరిగి ఉన్నాయి. కమిటీకి రాశాను. రాత్రి బంద్ పెట్టడం ఈ రోజు నుంచి ఆపేద్దామన్నారు, పుల్లీకి కొటేషన్ అడిగారు. డిఫ్యూజర్లు ట్యాంకు ఖాళీ చేయకుండా కడగొచ్చా?

కాజీపేట_బ్లోయర్ | బుధవారం, రాత్రి 9:55

నీ డిఫ్యూజర్లు అడుగుకు బోల్టులతో బిగించారా, డ్రాప్ పైపులతో పైకి లేపేలా పెట్టారా, ముందు ఫొటో పెట్టు. లేపేవైతే ఒక్కో వరస చైన్ బ్లాకుతో లేపి కడగొచ్చు. ట్యాంకు నడుస్తూనే ఉంటుంది. మెత్తటి బ్రష్, నీళ్లు, జిడ్డు పోయాక సిట్రిక్ యాసిడ్ ద్రావణం. వైర్ బ్రష్ తాకించొద్దు, డిఫ్యూజర్ రబ్బరు మీది సన్న గాట్లు చిరుగుతాయి. చిరిగినవి పైన చూస్తేనే తెలుస్తాయి, అక్కడ నీళ్లు పెద్ద మరుగులా ఉబుకుతాయి, పక్క డిఫ్యూజర్లకు గాలి అందదు. నీ మూల కథ అది కూడా కావచ్చు. నాలుగైదు కొత్త మెంబ్రేన్లు (ఆ రబ్బరు పొరలు), క్లాంపులు చేతిలో పెట్టుకునే పని మొదలుపెట్టు.

బోల్టులతో బిగించి ఉంటే ఎండాకాలం లోపు ఒక రోజు స్టాండ్‌బై ఏర్పాటు చూసుకుని ఖాళీ చేయాల్సిందే. ఇంకోటి, హెడర్‌లో నాన్ రిటర్న్ వాల్వు పనిచేస్తోందో చూడు. కరెంటు పోయినప్పుడు బురద నీళ్లు పైపుల్లోకి వెనక్కి తన్నితే, కడిగిన డిఫ్యూజర్లు నెలలో మళ్లీ ఇదే స్థితికి వస్తాయి. ఆదివారం ఆ వైపు వస్తున్నా, పుల్లీ కొలతలు నేనే తీసుకుంటా. బెల్టు నంబరు రాసి పెట్టు.